యుద్ధంలో బందీ అయిన ఫైటర్ పైలట్, అతని సోదరుడు: ఇద్దరికీ ఏమైందో తేల్చడం ఎలా?

రెండో ప్రపంచయుద్ధంలో విమానం కూలి జర్మన్లకు చిక్కిన ఒక ఫైటర్ పైలట్, అదే యుద్ధానికి వెళ్లిన అతని అన్నో తమ్ముడో. ఇద్దరికీ చివరికి ఏమైందో కాగితాల ఆధారంగా తేల్చే పని నేను చాలాకాలంగా చేస్తున్నాను. ఇతరులు రాసిన ఇలాంటి చరిత్రలు చదివినప్పుడల్లా నన్ను బాధపెట్టే తప్పు ఒకటే. అన్నదమ్ములిద్దరి కథలూ కలగలిసిపోయి ఉంటాయి. ఒకరు శిబిరంలో గడిపిన కాలం మరొకరి పేర పడుతుంది. ఒకరి విమానం మరొకరికి వెళుతుంది. ఇంట్లో మూడు తరాలు చెప్పుకున్న మాటను ఎవరూ సరిచూడరు.

క్రాస్ సోదరుల సంగతే చూడండి. కెనెత్ క్రాస్ బ్రిటిష్ వైమానిక దళంలో ఫైటర్ పైలట్. నార్వేలో 46వ స్క్వాడ్రన్‌కు నాయకత్వం వహించి, తిరుగు ప్రయాణంలో గ్లోరియస్ అనే విమానవాహక నౌక ఎక్కాడు. 1940 జూన్ 8న జర్మన్ యుద్ధనౌకలు దాన్ని ముంచేస్తే, తెప్ప మీద ప్రాణాలు దక్కించుకున్న కొద్దిమందిలో అతనొకడు. తర్వాత ఎయిర్ చీఫ్ మార్షల్ అయ్యాడు. అతని తమ్ముడు ఇయన్ బాంబర్ పైలట్. 1942 ఫిబ్రవరిలో పట్టుబడి, జాగన్‌లోని జర్మన్ యుద్ధఖైదీల శిబిరం నుంచి 1944 మార్చిలో సొరంగం గుండా తప్పించుకున్న 76 మందిలో (దీన్నే పెద్ద పలాయనం, గ్రేట్ ఎస్కేప్ అంటారు) ఒకడై, మళ్లీ దొరికిపోయి, నాజీ రహస్య పోలీసు దళమైన గెస్టపో చేతిలో హతుడయ్యాడు. ఒకే ఇల్లు, ఒకే వైమానిక దళం, ఒకే ఇంటిపేరు. మనవడి తరానికి వచ్చేసరికి "మా తాతగారి అన్న ఫైటర్ పైలట్, పెద్ద పలాయనంలో చనిపోయాడు" అనే మాట పుట్టడానికి ఇంకేం కావాలి? ఆ వాక్యంలో సగం ఒకరిది, సగం ఇంకొకరిది.

అందుకే కింద చెప్పే క్రమాన్ని మార్చకుండా పాటించండి.

కావలసినవి

గీతలున్న నోటుపుస్తకాలు రెండు, పెన్సిల్, ఇంటర్నెట్ ఉన్న కంప్యూటర్. ఒక్కొక్కరికి ఒక పుస్తకం. ఒకే పుస్తకంలో ఎడమ పేజీ అన్నకు, కుడి పేజీ తమ్ముడికి అని పంచకూడదు. పది పేజీలు దాటేసరికి అదెలాగూ కలిసిపోతుంది. వంశవృక్షం గీసే సాఫ్ట్‌వేర్ ఈ దశలో వద్దు. అది ఖాళీ గడి చూపించి నింపమంటుంది, మనం ఊహతో నింపేస్తాం. ప్రతి పేజీని మూడు నిలువు గడులుగా విభజించండి: తేదీ, ఏం జరిగింది, ఏ కాగితం చెప్పింది. మూడో గడి ఖాళీగా ఉంటే మొదటి రెండూ కొట్టేయండి.

తేదీలో నెలను అక్షరాల్లో రాయండి. బ్రిటిష్ కాగితంలో 5-6-44 అంటే జూన్ 5, అమెరికన్ కాగితంలో అదే మే 6. నార్మండీ దాడి ముందురోజుకూ దానికి నెల ముందు రోజుకూ ఎంత తేడా ఉందో చెప్పనక్కర్లేదు.

మొదటి అడుగు: ఇంట్లో ఉన్నది సేకరించడం

పూర్తి పేరు, పుట్టిన తేదీ, తల్లిదండ్రుల పేర్లు, సర్వీసు నంబరు. ఫొటోల వెనక రాతలు, పతకాలు, టెలిగ్రాములు, శిబిరం నుంచి వచ్చిన ఉత్తరాలు ఉంటే అన్నింటికీ ఫొటో తీసుకోండి. ఉత్తరానికి రెండు వైపులా తీయాలి, ఎందుకంటే పంపినవారి వైపున ఖైదీ నంబరు, శిబిరం పేరు ఉంటాయి.

సర్వీసు నంబరు విషయంలో ఒక్క జాగ్రత్త. బ్రిటిష్ వైమానిక దళంలో సార్జెంట్ పైలట్లు వేలల్లో ఉండేవారు. అలా చేరి తర్వాత ఆఫీసరైనవారికి కొత్త నంబరు ఇచ్చేవారు. ఒకే మనిషికి రెండు నంబర్లు కనిపిస్తే ఇద్దరు మనుషులని అనుకోవద్దు. ఆఫీసరుగా నియామకం లండన్ గెజిట్‌లో అచ్చవుతుంది, అక్కడ సరిచూసుకోవచ్చు.

రెండో అడుగు: సమాధుల జాబితా

కామన్వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ వెబ్‌సైట్‌లో ఇద్దరి పేర్లూ వెతకండి. 1939 సెప్టెంబరు 3 నుంచి 1947 డిసెంబరు 31 దాకా సర్వీసులో మరణించిన కామన్వెల్త్ సైనికులు అందులో ఉంటారు. సమాధి తెలియని వైమానికులు ఇరవై వేల మందికి పైగా ఇంగ్లండ్‌లోని రనీమీడ్ స్మారకం గోడల మీద ఉన్నారు. రెండు చోట్లా పేరు లేకపోతే అతను యుద్ధం నుంచి ప్రాణాలతో బయటపడ్డాడని ప్రస్తుతానికి అనుకోవచ్చు.

ఈ జాబితాలో అదనపు సమాచారం అనే గడి ఉంటుంది. చాలామంది దాన్ని చదవకుండానే దాటేస్తారు. తల్లిదండ్రుల పేర్లు, ఊరు అక్కడే ఉంటాయి. ఇంకో కొడుకు కూడా పోతే "ఇతని సోదరుడు ఫలానా కూడా సర్వీసులో మరణించాడు" అని అక్కడే రాసి ఉంటుంది. తెలియని సోదరుడు బయటపడేది చాలాసార్లు ఈ ఒక్క వాక్యంలోనే.

మనవాళ్ల కోసం వెతికేవారు కూడా ఇక్కడే మొదలుపెట్టాలి. 1942 ఫిబ్రవరి 15న సింగపూరు పతనమైనప్పుడు బందీలై, తిరిగిరాని భారత సైనికులు ఇదే కమిషన్ జాబితాల్లో ఉన్నారు. సమాధి లేనివారి పేర్లు సింగపూరు క్రాంజీలోని స్మారకం మీద చెక్కి ఉన్నాయి. తెలుగు పేర్లను ఆంగ్ల గుమస్తాలు చెవికి వినపడినట్టు రాశారు కాబట్టి, ఇంటిపేరు, పేరు, తండ్రిపేరు ఎన్ని వరుసల్లో రాయగలిగితే అన్ని వరుసల్లో వెతకండి.

మూడో అడుగు: ముందు సోదరుడు

పైలట్ జోలికి ఇప్పుడే వెళ్లకూడదు. ఎప్పుడూ సోదరుడితోనే మొదలుపెట్టాలి. పైలట్ దారి వెలుగుతో నిండి ఉంటుంది. విమానం నంబరు, స్క్వాడ్రన్ చరిత్ర, ఫొటోలు అన్నీ దొరుకుతాయి. అందులో మునిగాక సోదరుడికి ఒక్క వాక్యం మిగులుతుంది: "అతని తమ్ముడు కూడా యుద్ధంలో మరణించాడు." ఒక మనిషి జీవితానికి ఆ ఒక్క వాక్యం చాలదు.

సోదరుడి కాగితాలు పైలట్ కాగితాల పక్కనే ఉంటాయని అనుకోవడమే ఇక్కడ జరిగే పొరపాటు. అగజారియన్ సోదరులిద్దరూ బ్రిటిష్ వైమానిక దళం యూనిఫాం వేసుకున్నవారే. నోయెల్ ఫైటర్ పైలట్. బ్రిటన్ యుద్ధంలో అతను నడిపిన స్పిట్‌ఫైర్ ఇప్పటికీ లండన్‌లోని ఇంపీరియల్ వార్ మ్యూజియంలో వేలాడుతోంది. 1941 మే నెలలో లిబియాలో చనిపోయాడు. అతని సోదరుడు జాక్ బ్రిటన్ రహస్య కార్యకలాపాల సంస్థ (ఎస్ఓఈ) తరఫున ఫ్రాన్స్‌లో వైర్‌లెస్ ఆపరేటరుగా పనిచేశాడు. 1943 జులైలో పారిస్‌లో పట్టుబడి, ఫ్లోసెన్‌బుర్గ్ నిర్బంధ శిబిరంలో 1945 మార్చి 29న ఉరికి బలయ్యాడు. జాక్ హోదా ఫ్లైట్ లెఫ్టినెంట్. అయినా వైమానిక యుద్ధఖైదీల జాబితాలో అతని కోసం ఏళ్ల తరబడి వెతికినా దొరకడు. జర్మన్లు అతన్ని యుద్ధఖైదీగా చూడలేదు. ఫైలు బ్రిటిష్ నేషనల్ ఆర్కైవ్స్‌లో రహస్య సంస్థ ఉద్యోగుల వరుసలో ఉంటుంది. నిర్బంధ శిబిరాల కాగితాలైతే జర్మనీలోని బాట్ ఆరోల్సెన్ పట్టణంలో ఉన్న ఆరోల్సెన్ ఆర్కైవ్స్‌లో చూడాలి. అక్కడి సేకరణలో చాలా భాగం ఇంటి నుంచే వెతకవచ్చు.

డచ్ ఫైటర్ పైలట్ బ్రామ్ వాన్ డెర్ స్టోక్‌ది ఇంకో రకం. జాగన్ నుంచి తప్పించుకుని చివరిదాకా చేరిన ముగ్గురిలో అతనొకడు. 1944లో బ్రిటన్ చేరాడు. అతని ఇద్దరు సోదరులు మాత్రం నాజీల చేతిలో బలైపోయారు. పైలట్ గురించి లండన్‌లో వెతకాలి, సోదరుల గురించి డచ్ యుద్ధ సమాధుల సంస్థలో, ఆమ్‌స్టర్‌డామ్‌లోని నియోడ్ అనే యుద్ధ అధ్యయన సంస్థలో వెతకాలి. సోదరుడు ఏ దేశపు, ఏ దళపు, ఏ హోదా మనిషో తేలేదాకా ఏ తలుపూ తట్టకండి.

నాలుగో అడుగు: విమానం కూలిన రోజు

ఇది తేలిక, త్వరగా ముగించవచ్చు. నేషనల్ ఆర్కైవ్స్‌లో ఎయిర్ 27 వరుసలో స్క్వాడ్రన్ల దినచర్య పుస్తకాలున్నాయి. వాటిలో 540 నంబరు ఫారం ఆ రోజు సారాంశం చెబుతుంది, 541 నంబరు ఫారం ఎవరు ఏ విమానంలో ఎన్ని గంటలకు ఎగిరారో చెబుతుంది. రెండూ చూడండి. ఎయిర్ 50లో పోరాట నివేదికలు ఉంటాయి. ఆ రోజు పక్కన ఎగిరినవాడి నివేదికలో మనవాడిని చివరిసారి చూసిన చోటు ఉండవచ్చు. ఎయిర్ 81లో ఒక్కో ప్రమాదానికీ ఒక్కో ఫైలు ఉంటుంది. కుటుంబానికి రాసిన ఉత్తరాలు, రెడ్ క్రాస్ నుంచి వచ్చిన కబురు, మిగిలిన సామాను జాబితా అందులో దొరుకుతాయి. నా దృష్టిలో ఈ మొత్తం పనిలో అత్యంత విలువైన ఫైలు అదే.

అమెరికన్ పైలట్ అయితే 1943 నుంచి గల్లంతైన విమాన సిబ్బంది నివేదిక అనే పత్రం ఉంటుంది. అమెరికా నేషనల్ ఆర్కైవ్స్‌లో దొరుకుతుంది. వ్యక్తిగత సర్వీసు ఫైలు మీద మాత్రం ఎక్కువ ఆశ పెట్టుకోవద్దు. 1973 జులైలో సెయింట్ లూయిస్ రికార్డు కేంద్రంలో జరిగిన అగ్నిప్రమాదంలో, 1912 నుంచి 1960 దాకా సైన్యం నుంచి విడుదలైనవారి ఫైళ్లలో సుమారు 80 శాతం కాలిపోయాయి. యుద్ధకాలంలో అమెరికన్ వైమానిక దళం సైన్యంలో భాగమే కాబట్టి ఆ నష్టం దాని పైలట్లకూ తగిలింది.

ఎవరు కూల్చారన్న ప్రశ్న జోలికి వెళ్లకండి. జర్మన్ పైలట్ల గెలుపు జాబితా ముందు పెట్టుకుని, సమయం చూసి జతకట్టి, "ఫలానావాడు కూల్చాడు" అని రాసే అలవాటు బాగా పెరిగింది. 1940 వేసవిలో జర్మనీ గడియారం బ్రిటన్ కంటే గంట ముందుండేదన్న సంగతి కూడా ఆ జతల్లో చాలావరకు పట్టించుకోరు. బ్రిటిష్ ఫైటర్ పైలట్ డగ్లస్ బేడర్ అంతటి ప్రసిద్ధుడు 1941 ఆగస్టు 9న ఎలా కూలాడో ఇప్పటికీ వాదన తేలలేదు. శత్రు విమానం ఢీకొందని కొందరు, జర్మన్ తూటాలని కొందరు, సొంతవాళ్ల తూటాలేనని కొందరు. మనం వెతుకుతున్నది కూలినవాడికి ఏమైందని. కూల్చినవాడి పేరు అందుకు అవసరం లేదు.

ఐదో అడుగు: గల్లంతుకూ ఖైదుకూ మధ్య

నెమ్మదించాల్సింది ఇక్కడ. చాలామంది చరిత్రలు చెడిపోయేది ఈ అడుగులోనే.

విమానం కూలిన రోజు, పట్టుబడిన రోజు, ఖైదీ అని లండన్‌కు తెలిసిన రోజు. ఈ మూడు తేదీలూ వేరు. కూలిన సాయంత్రం ఇంటికి వచ్చే టెలిగ్రాము గల్లంతయ్యాడని మాత్రమే చెబుతుంది. జర్మన్లు జెనీవాలోని రెడ్ క్రాస్‌కు తెలియజేయాలి, అక్కడి నుంచి లండన్‌కు రావాలి. వారాలు పట్టేది. కొన్నిసార్లు జర్మన్ రేడియోలో ఖైదీల పేర్లు చదివితే విన్నవాళ్లెవరో ఆ ఇంటికి ఉత్తరం రాసేవారు. మొదటి కబురు ప్రభుత్వం కంటే ముందు అలా వచ్చిన ఇళ్లున్నాయి. కాబట్టి "జులై 20న పట్టుబడ్డాడు" అని కుటుంబం చెబితే, అది జులై 20న తమకు తెలిసిందన్న మాటే కావచ్చు. నోటుపుస్తకంలో మూడు తేదీలకు మూడు వరుసలు కేటాయించండి. తెలియని తేదీ ఎదురుగా చుక్క పెట్టి వదిలేయండి. పక్క వరుస నుంచి తేదీ దించుకోకండి.

కూలినవాడు వెంటనే చిక్కాలని లేదు. పారాచూట్‌లో దిగి, రైతుల ఇళ్లలో దాక్కుని, నెలల తర్వాత దొరికినవారున్నారు. ఇలా దొరికినవారిలో కొందరికి ఇంకా ఘోరం జరిగింది. ఫ్రాన్స్‌లో పౌరుల దుస్తుల్లో, ప్రతిఘటన దళాల సాయంతో తిరుగుతూ చిక్కిన 168 మంది మిత్రరాజ్యాల వైమానికులను గెస్టపో ఫ్రెన్ జైలు నుంచి 1944 ఆగస్టులో బుకెన్‌వాల్డ్ నిర్బంధ శిబిరానికి పంపింది. ఇద్దరు అక్కడే చనిపోయారు. మిగిలినవారిలో ఎక్కువ మంది అక్టోబరులో జాగన్ చేరారు. అలాంటివాడి కాగితాలు చూస్తే, జూన్‌లో కూలాడు, అక్టోబరులో ఖైదీ అయ్యాడు, మధ్యలో శూన్యం. ఆ శూన్యాన్ని "ఆసుపత్రిలో ఉండి ఉంటాడు" అని పూడ్చేసిన రాతలు నేను చదివాను. మధ్యలో ఖాళీ నెలలు కనిపిస్తే ముందు ఆరోల్సెన్‌లో వెతకండి. అక్కడా దొరకకపోతే ఖాళీని ఖాళీగానే ఉంచండి.

తర్వాత ఖైదీ నంబరు. ఈ నంబరు సర్వీసు నంబరు కాదు. జర్మన్ శిబిరాలు దేనికది సొంతంగా నంబర్లు ఇచ్చుకునేవి. కాబట్టి ఒకే నంబరు వేర్వేరు శిబిరాల్లో వేర్వేరు మనుషులకు ఉంటుంది. పైగా ఒక శిబిరం ఇచ్చిన నంబరు ఖైదీ మరో శిబిరానికి మారినా అతనితోనే వెళ్లేది. అందుచేత నంబరును ఒంటరిగా ఎప్పుడూ రాయకూడదు. నంబరు, ఇచ్చిన శిబిరం, రెండూ కలిపే రాయాలి. నంబరు ఒక్కదానితో వెతికి దొరికిన కాగితాన్ని, దాని మీది సర్వీసు నంబరు, పుట్టిన తేదీ సరిపోలితే తప్ప మీ మనిషిదిగా ఒప్పుకోకండి. అన్నదమ్ములిద్దరూ ఖైదీలైతే ఈ జాగ్రత్త రెట్టింపు కావాలి. ఇంటిపేరు ఒకటే, చిరునామా ఒకటే, తల్లిదండ్రులు వాళ్లే. తేడా చూపేది పుట్టిన తేదీ, సర్వీసు నంబరు మాత్రమే. జర్మన్ గుమస్తా అన్న కార్డులో తమ్ముడి పొడి అక్షరాలు రాస్తే పట్టుకోగలిగేది కూడా వాటితోనే.

ఏ శిబిరమో తెలియాలంటే శిబిరాల రకాలు తెలియాలి. సాధారణ సైనికులకు స్టాలాగ్, ఆఫీసర్లకు ఓఫ్లాగ్, వైమానికులకు జర్మన్ వైమానిక దళమే నడిపిన స్టాలాగ్ లుఫ్ట్, దారిలో ఆపేందుకు డూలాగ్. ఫ్రాంక్‌ఫర్ట్ దగ్గర ఓబరూర్సెల్‌లో ఉన్న డూలాగ్ లుఫ్ట్ ప్రశ్నించే కేంద్రం. పట్టుబడ్డ వైమానికుల్లో ఎక్కువ మంది దాని గుండానే వెళ్లారు. రెడ్ క్రాస్ ఫారమని నమ్మించి నకిలీ ఫారం నింపించి సమాచారం రాబట్టేవారు. కాబట్టి డూలాగ్ లుఫ్ట్ పేరు కనిపిస్తే అది మజిలీ. అక్కడే యుద్ధమంతా గడిపాడని రాయకూడదు.

మీ పైలట్ సార్జెంటా, ఆఫీసరా అన్నది మళ్లీ ఇక్కడ అవసరమవుతుంది. జాగన్‌లోని స్టాలాగ్ లుఫ్ట్ 3లో సార్జెంట్ల ఆవరణ వేరుగా ఉండేది. 1943లో వారిని లిథువేనియా వైపు హైడెక్రుగ్‌లోని స్టాలాగ్ లుఫ్ట్ 6కు తరలించారు. రెడ్ ఆర్మీ దగ్గరపడ్డాక 1944 జులైలో అక్కడి నుంచీ కదిలించారు. జాగన్ అనగానే పెద్ద పలాయనం గుర్తొచ్చి, సార్జెంటును కూడా ఆ సొరంగం దగ్గర నిలబెట్టేవారు కనిపిస్తారు. ఆ సొరంగం తవ్వింది ఉత్తర ఆవరణలోని ఆఫీసర్లు. 1944 మార్చిలో మీ సార్జెంటు అక్కడ లేడు.

పటం మీద వెతికేటప్పుడు ఊళ్ల పేర్లు మారాయని మరవకండి. జాగన్ ఇప్పుడు పోలండ్‌లో జాగాన్య్. హైడెక్రుగ్ ఇప్పుడు లిథువేనియాలో షిలూటే. తోర్న్ ఇప్పుడు తోరున్య్. పాత పేరు, కొత్త పేరు రెండూ రాసుకోండి.

ఇక జాబితాలో పేరు లేకపోవడం. ఇదీ ప్రమాదమే. రోజర్ బుషెల్ బ్రిటిష్ 92వ స్క్వాడ్రన్ నాయకుడిగా 1940 మే 23న కూలి పట్టుబడ్డాడు. 1941లో స్విట్జర్లాండ్ సరిహద్దు దాకా వెళ్లి దొరికిపోయాడు. అదే ఏడాది అక్టోబరులో రైలు నుంచి దూకి ప్రాగ్‌లో నెలల తరబడి దాక్కున్నాడు. 1942 మేలో మళ్లీ చిక్కాడు. అన్ని నెలలు ఏ శిబిరం జాబితాలోనూ అతను ఉండడు. తూర్పు రంగం ఇంకా కష్టం. అమెరికన్ ఫైటర్ పైలట్ గ్రెగరీ బాయింగ్టన్‌ను 1944 జనవరిలో జపాన్ పట్టుకుంది. ఖైదీగా అతని పేరు రెడ్ క్రాస్‌కు చేరనేలేదు. యుద్ధం ముగిసి ఓమొరి శిబిరం తెరిచేదాకా అతను బతికే ఉన్నాడని స్వదేశంలో తెలియలేదు. జాబితాలో లేనివాడిని చనిపోయినవారి వరుసలో వేయవద్దు. లేడని మాత్రమే రాయండి, ఏ జాబితాలో లేడో కూడా రాయండి.

ఈ దశకు వెతకాల్సిన వరుసలు ఇవి. బ్రిటిష్ నేషనల్ ఆర్కైవ్స్‌లోని డబ్ల్యూఓ (యుద్ధ శాఖ) 416లో జర్మన్లు రాసిన ఖైదీల కార్డులున్నాయి. ఫొటో, వేలిముద్ర, పట్టుబడిన తేదీ, చోటు ఉండే కార్డులవి. అందరివీ మిగల్లేదు. ఎయిర్ 20లో 1944-45 నాటి వైమానిక ఖైదీల అక్షరక్రమ జాబితా ఉంది. జపాన్ కార్డులు డబ్ల్యూఓ 345లో ఉన్నాయి. జర్మన్ వైమానిక దళం, కూలిన మిత్రరాజ్యాల విమానాల గురించి రాసుకున్న నివేదికలు అమెరికా నేషనల్ ఆర్కైవ్స్‌కు చేరాయి. వాటిలో ఫైటర్ విమానాలవి జె అక్షరంతో మొదలవుతాయి. జెనీవాలోని రెడ్ క్రాస్ ఆర్కైవ్స్‌కూ వినతి పంపండి. వారు ఏడాదిలో కొన్ని విడతలుగా, పరిమిత సంఖ్యలోనే వినతులు తీసుకుంటారు. కాబట్టి విడత తెరిచే తేదీ ముందే చూసుకుని, సోదరుడికి, పైలట్‌కు విడివిడిగా రెండు వినతులు సిద్ధంగా ఉంచుకోండి. ఒకే వినతిలో ఇద్దరి పేర్లూ రాయకండి.

డబ్బు కట్టించుకుని ఖైదీల సమాచారం చూపే సైట్లున్నాయి. అవి సూచికలుగా పనికొస్తాయి. అసలు కాగితం బొమ్మ చూడకుండా ఆ సూచికను మాత్రం మూడో గడిలో ఆధారంగా రాయవద్దు. దాన్ని టైపు చేసినవారెవరో జర్మన్ చేతిరాతను చదివారు. ఆ చేతిరాతలో 1, 7 ఎంత దగ్గరగా ఉంటాయో, చూసినవారికి వేరే చెప్పనక్కర్లేదు.

ఆరో అడుగు: ఖైదు ఎలా ముగిసింది

విడుదలైనవాడైతే, డబ్ల్యూఓ 344లో విముక్తి తర్వాత నింపిన ప్రశ్నావళి దొరకవచ్చు. తాను ఉన్న శిబిరాలు, తేదీలు, తప్పించుకునే ప్రయత్నాలు తన చేతిరాతతోనే రాసి ఉంటాడు. నేను దానికి విలువిస్తాను, అయినా ఇంటికి వెళ్లే తొందరలో నింపిన కాగితమని మరచిపోను. అందరూ నింపలేదు కూడా.

చివరి శిబిరం విషయంలో జాగ్రత్త. 1944-45 జాబితాలో జాగన్ అని ఉంటుంది, విముక్తి అక్కడ జరగలేదు. 1945 జనవరి 27 రాత్రి నుంచి ఆ శిబిరాన్ని ఖాళీ చేయించి, గడ్డకట్టే మంచులో ఖైదీలను నడిపించారు. ష్ప్రెంబెర్గ్ చేరాక రైలు పెట్టెల్లో కుక్కి వేర్వేరు చోట్లకు పంపారు. ఏ ఆవరణవాళ్లు ఎటు వెళ్లారన్నదాన్ని బట్టి కొందరు లుకెన్‌వాల్డేలో సోవియట్ సేనల చేత, కొందరు ఏప్రిల్ 29న మూస్‌బుర్గ్‌లో అమెరికన్ల చేత విడుదలయ్యారు. కాబట్టి ఆవరణ పేరు తెలుసుకోనిదే చివరి అధ్యాయం రాయలేరు.

చనిపోయినవాడైతే, మరణానికి శత్రువు చెప్పిన కారణాన్ని శత్రువు చెప్పినదిగానే రాయండి. జాగన్ నుంచి పారిపోయి దొరికిన 73 మందిలో 50 మందిని హిట్లర్ ఆజ్ఞతో చంపారు. మళ్లీ పారిపోబోతే కాల్చామని జర్మనీ చెప్పింది. బ్రిటన్ విదేశాంగ మంత్రి ఆంటొనీ ఈడెన్ 1944లోనే పార్లమెంటులో అది హత్య అన్నాడు. యుద్ధం ముగిశాక బ్రిటిష్ వైమానిక దళ దర్యాప్తు బృందం ఊరూరా తిరిగి ఆధారాలు పోగుచేసింది. 1947లో హాంబర్గ్‌లో విచారణ జరిగింది. శిబిరానికి తిరిగొచ్చిన అస్థికల పాత్రల మీద దహనం జరిగిన ఊరి పేరు ఉండటం ఎవరిని ఎక్కడ చంపారో తేల్చడానికి ఒక ఆధారమైంది. ఇయన్ క్రాస్ పేరు పోజ్నాన్ పాత గారిసన్ శ్మశానంలో ఉంది. అక్కడ రాతి మీది తేదీ ఒక ఆధారం, విచారణ కాగితాలు మరో ఆధారం. రెండూ చూడాలి.

మన దేశపు యుద్ధాల్లో బందీలైన పైలట్ల గురించి వెతికేవారూ ఇదే పద్ధతి పాటించాలి. 1971 యుద్ధంలో చిక్కిన భారత పైలట్లలో దిలీప్ పరూల్కర్, ఎం.ఎస్. గ్రేవాల్, హరీశ్ సిన్హ్‌జీ 1972 ఆగస్టులో రావల్పిండి నుంచి తప్పించుకుని, అఫ్గాన్ సరిహద్దు దాకా వెళ్లి దొరికిపోయారు. తర్వాత స్వదేశం చేరారు. అదే యుద్ధంలో గల్లంతై, కుటుంబాలు ఇప్పటికీ ఎదురుచూస్తున్నవారు కూడా ఉన్నారు. వారి గురించి రాసేటప్పుడు "మరణించాడు" అనే మాట వాడే హక్కు మనకు లేదు. గల్లంతు అనే రాయాలి, ఏ తేదీ నాటికి అన్నది చేర్చాలి.

ఏడో అడుగు: రాయడం

రెండు పుస్తకాలూ ఇప్పుడు పక్కపక్కన పెట్టండి. మొదట సోదరుడిది పూర్తిగా రాయండి, తర్వాత పైలట్‌ది. ఇద్దరి జీవితాలు ఎక్కడైనా కలిస్తే, ఒకరికి మరొకరు రాసిన ఉత్తరమో, ఒకరి మరణవార్త శిబిరంలో ఉన్న మరొకరికి చేరిన రోజో ఉంటే, అది రెండు చోట్లా రాయండి. చదివేవారికి రెండుసార్లు అనిపించినా ఫరవాలేదు.

ప్రతి వాక్యానికీ పక్కనే ఆధారం ఉండాలి. ఆధారం లేని కుటుంబ కథనాన్ని పారేయకండి. ఎవరు, ఎప్పుడు చెప్పారో పేర్కొంటూ విడిగా రాయండి. అమ్మమ్మ చెప్పినదానిలో ఒక ముక్క తర్వాతెప్పుడో ఎయిర్ 81 ఫైలులో తేలవచ్చు. ఆ ఫైళ్లు విడతలవారీగా బయటికొస్తున్నాయి కాబట్టి, మీ పైలట్ ఫైలు ఈ ఏడాది జాబితాలో లేకపోతే వచ్చే ఏడాది అదే పేరుతో, అదే సర్వీసు నంబరుతో మళ్లీ వెతకండి. సమాధుల కమిషన్ జాబితాలో తప్పు కనిపిస్తే, అసలు కాగితం నకలు జతచేసి వారికే రాయండి. రాసేటప్పుడు ఏ సోదరుడి గురించి రాస్తున్నారో మొదటి వాక్యంలోనే సర్వీసు నంబరుతో సహా చెప్పండి.